పైకి చూడండి, కాగితం చదవండి

పెద్దవూర చుట్టుపక్కల పత్తి ఏరే ఆడవాళ్లకు ఆ చప్పుడు కొత్త కాదు. నాగార్జునసాగర్ అవతల విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ మీద నుంచి లేచిన చిన్న శిక్షణ విమానం తల మీదుగా పోతుంటే ఒక్క క్షణం నడుము నిటారుగా చేసుకుంటారు. కొంగుతో చెమట తుడుచుకుని, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని పైకి చూస్తారు. మళ్లీ వంగుతారు. 2022 ఫిబ్రవరి 26న అలాంటి విమానమొకటి పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలిపోయింది. చేలల్లో ఉన్న రైతులు పని వదిలి పరుగెత్తారు. విమానాన్ని ఒంటరిగా నడుపుతున్న అమ్మాయి అప్పటికే ప్రాణాలు విడిచింది. పైలట్ కావాలని తమిళనాడు నుంచి వచ్చిన బిడ్డ.

ఆ రోజు నుంచి ఒక మాట నన్ను తొలుస్తూనే ఉంది. మన ఆకాశంలో ఎగరడం నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి పిల్లలో వచ్చారు. కొందరు నేర్చుకుని పోయారు, ఒకరు ప్రాణమే ఇచ్చారు. ఆ ఆకాశం కింద పుట్టిన మన పిల్లలు మాత్రం చేయి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

నేను ముప్ఫై ఏళ్లు నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పాను. బెర్నూలీ సూత్రం వచ్చినప్పుడల్లా బోర్డు మీద విమానం రెక్క గీశాను, పైన గాలి వేగం, కింద పీడనం అని బాణం గుర్తులు పెట్టాను. ఆ రెక్క నడిపే పని కూడా ఒక నౌకరీయేనని, దానికి మీరూ పనికొస్తారని ఒక్క పిల్లవాడికీ చెప్పలేదు. ఎంసెట్ చెప్పాను, ఇంజనీరింగ్ చెప్పాను, అమెరికాలో ఎంఎస్ చెప్పాను. బిడ్డలారా, ఆ బాకీ తీర్చుకోవడానికే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. పాత నల్లగొండ, పాత పాలమూరు జిల్లాల పిల్లలకూ, అక్కడి నుంచి అమెరికా పోయి డాలస్‌లో, న్యూజెర్సీలో పెరుగుతున్న మన పిల్లలకూ కలిపే చెబుతున్నాను.

మొన్న దసరా తర్వాత కొల్లాపూర్ వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ మా ఇంటికొచ్చారు. పిల్లవాడు ఎంపీసీ పూర్తి చేసి రెండేళ్లయింది. తండ్రి చేతిలో పాలిథిన్ కవరు, అందులో పట్టాదారు పాసుపుస్తకం, దాని మధ్యలో మడతపెట్టిన రంగు కాగితం.

"సారూ, గీ కాయితంల ఏమున్నదో జర సదివి చెప్పుండ్రి. నాలుగెకరాల మామిడి తోట ఉన్నది. అమ్ముడా, వద్దా, గదే అడగనీకి వచ్చిన" అన్నాడు.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. నీలం రంగు మీద తెల్ల విమానం బొమ్మ, పక్కన నాలుగు బంగారు గీతల యూనిఫారంలో నవ్వుతున్న కుర్రవాడు. అమెరికాలో శిక్షణ, రెండేళ్లలో అక్కడే ఎయిర్‌లైన్‌లో కో-పైలట్ ఉద్యోగం అని పెద్ద అక్షరాలు. వెనక వైపు, చివరన, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం: ఉద్యోగం ఆయా సంస్థల నిబంధనలకు, ఆ దేశ వీసా చట్టాలకు లోబడి ఉంటుంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి తండ్రికి చూపించాను. "నాలుగెకరాల తోట ఈ గీత మీద ఆధారపడి ఉంది, ముందు దీన్ని అర్థం చేసుకుందాం" అన్నాను. ఆ సాయంత్రం వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

అమెరికాలో పైలట్ లైసెన్సు వేరు, పైలట్ నౌకరీ వేరు.

లైసెన్సు ఇచ్చేది ఎఫ్ఏఏ అనే ప్రభుత్వ సంస్థ. మీరు ఏ దేశ పౌరులో అది అడగదు. వయసు, ఆరోగ్యం, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం, అర్థం చేసుకోవడం, ఎగిరిన గంటలు, రాసిన పరీక్షలు, ఇవే దానికి కావాలి. కోదాడ పిల్లకూ కాలిఫోర్నియా పిల్లకూ ఒకటే కొలత. అయితే విమానం తాళంచెవి చేతికివ్వకముందు ఇంకో గడప ఉంది. 2001 సెప్టెంబరు 11న దాడికి విమానాలు నడిపినవాళ్లు ఆ దేశపు ఫ్లయింగ్ స్కూళ్లలోనే నేర్చుకున్నారు. అందుకని పౌరుడు కాని ప్రతి ఒక్కరూ, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, వేలిముద్రలిచ్చి టీఎస్ఏ అనే భద్రతా సంస్థ పరిశీలన దాటాలి. దాన్ని అవమానం అనుకోవద్దు. పత్రాలు సరిగ్గా ఉంటే దాటిపోయే గడపే అది.

నౌకరీ ఇచ్చేది ఎయిర్‌లైన్. దాని దరఖాస్తు మొదటి పేజీలోనే ప్రశ్న ఉంటుంది: మా స్పాన్సర్‌షిప్ అవసరం లేకుండా అమెరికాలో పనిచేసే హక్కు మీకుందా? దాని వెంటే మరొకటి: మేం విమానాలు నడిపే దేశాలకు అడ్డంకి లేకుండా వెళ్లి తిరిగి రాగల పాస్‌పోర్టు, పత్రాలు ఉన్నాయా? మొదటిదానికి "లేదు" అని టిక్కు పెడితే, మీరెంత గొప్పగా విమానం దింపగలరో చూసేవారుండరు.

మన పిల్లలు పడిపోయేది ఈ లైసెన్సుకూ నౌకరీకీ మధ్యనున్న సందులోనే. ఆ సందు ఎంత వెడల్పో లెక్కగట్టి చూద్దాం. కమర్షియల్ లైసెన్సుకు మామూలు దారిలో 250 గంటలు ఎగరాలి. ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే ఏటీపీ అనే పై స్థాయి లైసెన్సు కావాలి, దానికి 1500 గంటలు, 23 ఏళ్ల వయసు. గుర్తింపు పొందిన కాలేజీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకు 1000 గంటలతో, 21 ఏళ్లకే కొంత పరిమితి ఉన్న ఏటీపీ ఇస్తారు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ కుటుంబాలు పట్టుబడితే 2010లో చట్టం వచ్చింది, 2013 నుంచి కో-పైలట్లకూ ఈ కొలత అమలవుతోంది. ఆ విమానంలోని ఇద్దరు పైలట్లకూ 1500 గంటలకు మించే అనుభవం ఉందనీ, గంటలొక్కటే భద్రత కాదనీ వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో నిజముంది. అయినా వెనక సీట్లలో కూర్చున్న వందమంది తరఫున ఆలోచిస్తే, ఎక్కువ ఎగిరినవాడే ముందు కూర్చోవాలన్న నియమం నాకు న్యాయంగానే తోస్తుంది.

మరి 250 నుంచి 1500 దాకా ఎవరు ఎగరనిస్తారు? అక్కడి పిల్లలు ఎక్కువమంది తామే ఇన్‌స్ట్రక్టర్లయి కొత్తవాళ్లకు నేర్పుతూ గంటలు పోగేసుకుంటారు. నేర్పినందుకు జీతం వస్తుంది. జీతం అంటే పని, పని అంటే అనుమతి. ఫ్లయింగ్ స్కూల్‌కు పోయే ఎం-1 వీసా మీద, నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, మొత్తం ఆరు నెలలకు మించి ప్రాక్టికల్ ట్రైనింగ్ ఇవ్వరు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఏవియేషన్ డిగ్రీ చేస్తే ఓపీటీ అనే పని అనుమతి ఏడాది వస్తుంది. వాతావరణం కలిసొచ్చి, స్కూల్లో పిల్లలు నిండుగా ఉండి, నెలకు డెబ్బై గంటలు ఎగిరినా ఏడాదికి 840. ముందున్న 250తో కలిపితే వెయ్యి దాటుతుంది. డిగ్రీ ఉన్నవాడికి గంటలు సరిపోతాయి. కానీ సరిగ్గా ఆ రోజుకు ఓపీటీ అయిపోతుంది, పని హక్కు చేతిలో ఉండదు.

హెచ్-1బీ చేయించుకోవచ్చు కదా, మా అన్న చేయించుకున్నాడు కదా అంటారు. ఆ వీసా ఫలానా డిగ్రీ లేనిదే చేయలేని ఉద్యోగాలకు. విమానం నడపడం సాధారణంగా ఆ కోవలోకి రాదు, ఎయిర్‌లైన్లూ దానికోసం స్పాన్సర్ చేయవు. ఆస్ట్రేలియా పౌరులకు అమెరికా చట్టంలో ఈ-3 అనే ప్రత్యేక వీసా ఉంది. పైలట్ల కరువొచ్చినప్పుడు కొన్ని రీజినల్ ఎయిర్‌లైన్లు దాని మీద ఆస్ట్రేలియన్లను పిలిచి కుర్చీలిచ్చాయి. మనకలాంటి వీసా లేదు. మన పిల్లలు వాళ్లకంటే తక్కువ కాదు, మన పాస్‌పోర్టు వెనక ఆ కాగితం లేదు, అంతే.

ఇక్కడిదాకా వినేసరికి కొల్లాపూర్ పిల్లవాడి ముఖం వాడిపోయింది. "అయితే మనకు తలుపు మూసినట్టేనా సార్?" అన్నాడు. కాదు బిడ్డా. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకుందాం.

అమెరికాలో శాశ్వత నివాసి, అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాడు, పౌరుడు కాకపోయినా ఎయిర్‌లైన్ పైలట్ కావచ్చు. ఇది దొడ్డిదారి కాదు, రాజబాట. 1986 నాటి వలస చట్టం ప్రకారం, వేరే చట్టం గట్టిగా కోరితే తప్ప, "పౌరులకే ఉద్యోగం" అని కంపెనీలు గిరి గీయకూడదు. నా పాత విద్యార్థి ఒకడు ఈ బాటనే పోయాడు. ఎన్నడో మేనమామ వేసిన పిటిషన్ పండి, వీడికి 21 నిండకముందే కుటుంబమంతా గ్రీన్‌కార్డుతో టెక్సాస్ చేరింది. పగలు పెట్రోల్ బంకులో పనిచేసి, ఆ డబ్బుతో వారానికి రెండు పాఠాలు నేర్చుకున్నాడు. ఒకనాడు వీడియో కాల్‌లో తన లాగ్‌బుక్ చూపించాడు.

ఆ పుస్తకం మీకూ చూపించాలని ఉంది. మన దుకాణాల్లో ఖాతా పుస్తకంలాగా అడ్డంగా పొడవు. తేదీ, విమానం రకం, దాని నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, పగలు, రాత్రి, పక్కన గురువున్న సమయం, ఒంటరి సమయం, ప్రతిదానికీ ఒక గడి. సమయం గంటలూ నిమిషాల్లో కాదు, దశాంశాల్లో. 1.2. 0.9. 1.4. ఒక పేజీ నడుమ ఒక వరుస కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టుకున్నాడు. అక్కడ 0.4 అని ఉంది. ఇరవై నాలుగు నిమిషాలు. మూడుసార్లు లేవడం, మూడుసార్లు దిగడం. పక్క సీటు ఖాళీ. "ఆ రోజు మొదటిసారి గురువు దిగిపోయి తలుపేసిండు సార్. బరువు తగ్గి విమానం ఎప్పటికంటే తొందరగా లేచింది, గుండె జల్లుమన్నది" అన్నాడు. 1500 గంటలంటే అలాంటి చిన్న చిన్న అంకెలు పేజీల మీద పేజీలు కూడడమే. ప్రతి పేజీ అడుగున మొత్తం వేసి, తర్వాతి పేజీకి మోసుకుపోవడమే. కూలి లెక్క రాసుకునే మన తల్లిదండ్రులకు ఈ పుస్తకం చూపిస్తే ఇట్టే అర్థమవుతుంది.

వాడు నాలుగేళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి గంటలు నింపి, ఒక రీజినల్ ఎయిర్‌లైన్‌లో కుడిచేతి సీట్లో కూర్చున్నాడు. అప్పటికి వాడిది భారత పాస్‌పోర్టే. రీజినల్ విమానాలు ఎక్కువగా దేశం లోపల, లేదంటే కెనడా, మెక్సికో దాకా పోతాయి. గ్రీన్‌కార్డు ఉన్న భారతీయుడు ఆ రెండు దేశాలకూ విడిగా వీసా లేకుండానే వెళ్లగలడు. యూరప్‌కు, ఆసియాకు పోయే పెద్ద విమానాల దగ్గరికొచ్చేసరికి పాస్‌పోర్టు బలం అక్కరకొస్తుంది. అందుకే గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండిన పిల్లలకు నేను గట్టిగా చెబుతున్నాను: పౌరసత్వానికి దరఖాస్తు చేయాలా వద్దా అని నాన్చకండి. అర్హత వచ్చిన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయకపోతే, నేనిందాక చెప్పిన ఆ చట్టం రక్షణ జారిపోతుంది. ఐదేళ్లలో కనీసం ముప్ఫై నెలలు అమెరికా నేల మీద ఉన్నట్టు లెక్క చూపాల్సి ఉంటుంది. పైలట్ ఉద్యోగంలో బయట గడిపే రోజులుంటాయి, కాబట్టి ఏ రోజు ఎక్కడున్నారో రాసిపెట్టుకోండి.

కన్నవాళ్ల హెచ్-1బీ నీడలో పెరుగుతున్న పిల్లల సంగతి రాస్తుంటే మనసు బరువెక్కుతుంది. మూడో ఏట హైదరాబాద్‌లో విమానమెక్కి పోయిన పిల్ల, అక్కడి బడిలో చదివి, అక్కడి యాసలో మాట్లాడి, పదహారేళ్లకు పైలట్ కావాలంటుంది. హెచ్-4 అనే కుటుంబ వీసా మీద చదువుకోవచ్చు, టీఎస్ఏ అనుమతితో ఎగరడమూ నేర్చుకోవచ్చు. జీతం తీసుకుని ఒక్క గంట కూడా ఎగరకూడదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మామూలుగా 7 శాతానికి మించవు. మన దేశం వరుస దశాబ్దాల పొడవుంటుంది. తండ్రి వంతు రాకముందే పిల్లకు 21 నిండితే ఆ వరుసలో నుంచి ఆమె పేరు జారిపోతుంది. అలాంటి పిల్లలకు చెబుతున్నాను. మీ తప్పు ఇసుమంతైనా లేదు. దాన్ని అవమానంగా మోయకండి. మీలాంటి పిల్లలు వాషింగ్టన్ దాకా పోయి సెనేటర్ల ముందు మాట్లాడుతున్నారు, వాళ్ల గొంతులో గొంతు కలపండి. ఈలోగా ప్రైవేట్ లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ దాకా నేర్చుకోండి. ఆ గంటలు ఏ దేశంలోనైనా మీవే.

పెళ్లి చేసుకుని వెళ్లిన చెల్లెళ్లకు వేరే దారుంది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటి ఉంటే, 2015 నుంచి హెచ్-4 ఉన్న భార్యకో భర్తకో పని అనుమతి పత్రం ఇస్తున్నారు. అది ఏ పనికైనా చెల్లుతుంది. ఇన్‌స్ట్రక్టర్‌గా జీతం తీసుకోవచ్చు. ఎయిర్‌లైన్లలో కొన్ని దాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని శాశ్వత హక్కే కావాలంటాయి. అనుమతి మధ్యలో ముగిసిపోయే భయమూ ఉంది. అయినా నల్లగొండ నుంచి బీటెక్ చేసి పోయి, వంటగది కిటికీలోంచి విమానాలు చూస్తూ ఏళ్లు గడుపుతున్న ఆడపిల్లలు ఆ కార్డును బీరువాలో పెట్టి మరిచిపోవద్దు.

ఇంత తొందరపెట్టడం ఎందుకంటే, ఎయిర్‌లైన్‌లో చేరిన తేదీయే మనిషి జాతకం. దాన్ని సీనియారిటీ నంబరు అంటారు. ఏ ఊరి నుంచి ఎగరాలి, ఏ విమానం నడపాలి, సంక్రాంతికి సెలవు దొరుకుతుందా, ఎడమచేతి కెప్టెన్ సీటు ఎప్పుడు, అన్నీ ఆ నంబరే చెబుతుంది. ప్రతిభలో మీరు మిన్న అయినా, మీకంటే నెల ముందు చేరినవాడు రిటైరయ్యేదాకా మీకంటే ముందే ఉంటాడు. కంపెనీ మారితే మళ్లీ అడుగు నుంచి మొదలు. 65 ఏళ్లకు దిగిపోవాలి. కరోనాలో పెద్దలు ముందుగా రిటైరైపోవడంతో 2021 నుంచి 2023 దాకా అమెరికా ఎయిర్‌లైన్లు పోటీపడి పిలిచి ఉద్యోగాలిచ్చాయి. 2024కల్లా ఆ వేగం తగ్గింది, స్పిరిట్ ఎయిర్‌లైన్స్ దివాలా దాఖలు చేసి వందల మంది పైలట్లను ఇంటికి పంపింది. ముందు వెళ్లింది చివర చేరినవాళ్లే. గ్రీన్‌కార్డు కోసం మూడేళ్లు ఆగిన పిల్లవాడు ఆ మూడేళ్లనూ జన్మలో తిరిగి సంపాదించలేడు. మన చేతిలో లేని ఆలస్యం ఎలాగూ తప్పదు. అందుకే మన చేతిలో ఉన్న ఒక్క రోజు కూడా పారేసుకోవద్దంటున్నాను. కంపెనీలు ఎప్పుడు పిలుస్తాయో ఎవరూ చెప్పలేరు. పిలిచిన రోజుకు లైసెన్సు, గంటలు, పత్రాలు అన్నీ బల్ల మీద ఉండాలి. అమెరికా కార్మికశాఖ లెక్కలో 2024 మే నాటికి ఎయిర్‌లైన్ పైలట్ల మధ్యస్థ వార్షిక వేతనం 2,26,600 డాలర్లు. కొత్తవాళ్ల జీతం అంతకు చాలా తక్కువ, నిజమే. కానీ ఎక్కబోయే మెట్లు అంత ఎత్తున ఉన్నాయి.

మనవాళ్ల వల్ల ఇంత దూరం అవుతుందా అనే మాట మన ఊళ్లలో తరచూ వింటాను. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను వెతికి పట్టుకొచ్చి ఒకే సంచికలో నిలబెట్టాడు. ఆ మట్టిలో పుట్టినవాళ్లం మనం. మహబూబ్‌నగర్ మూలాలున్న ఒక లెక్కల మాస్టారు ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. ఆయన కొడుకు ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికా పోయి అయోవా రాష్ట్రంలో ట్రాక్టర్ల కంపెనీలో పనిచేశారు. ఆ మాస్టారి మనవడు రాజా చారి 1977లో అమెరికాలోనే పుట్టి, అమెరికా వైమానిక దళంలో టెస్ట్ పైలటయి, 2021 నవంబరులో క్రూ-3 కమాండర్‌గా అంతరిక్షంలోకి పోయి, 2022 మేలో తిరిగొచ్చాడు. మన పాలమూరు పేరు అంత ఎత్తుకు పోయిందని గుండె పొంగుతుంది. అందులో ఇంకో సంగతి కూడా గమనించండి. ఆయన పుట్టుకతోనే పౌరుడు. అమెరికా సైన్యంలో ఆఫీసరయి యుద్ధవిమానం నడపాలంటే పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్‌కార్డు చాలదు. ఆ తలుపు దగ్గర నిలబడి కాలం పోగొట్టుకోకండి. ఎయిర్‌లైన్ తలుపు పక్కనే ఉంది, అది గ్రీన్‌కార్డుకు తెరుచుకుంటుంది.

గ్రీన్‌కార్డు లేదు, మేనమామ లేడు, మామిడి తోట మాత్రమే ఉంది, అలాంటి పిల్లలకు నా మాట ఇంకా సూటిగా ఉంటుంది. పని హక్కు పుట్టుకతోనే మీ చేతిలో ఉన్న దేశం ఒకటుంది, ఇదే. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. 2025 నవంబరులో పైలట్ల విశ్రాంతి నియమాలు గట్టిగా అమల్లోకొచ్చేసరికి, డిసెంబరులో ఇండిగో దగ్గర చాలినంత మంది పైలట్లు లేక వేల విమానాలు రద్దయి, శంషాబాద్‌లో జనం నేల మీద పడుకున్నారు. మన దేశమూ విదేశీ పైలట్లకు తాత్కాలిక అనుమతే ఇస్తుంది, కుర్చీ ముందు తన పిల్లలకే ఉంచుతుంది. అమెరికా మనల్ని అడిగిందే మనమూ వాళ్లను అడుగుతున్నాం. ఇక్కడ కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు, 18 ఏళ్లు. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీ ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటుంది, రిజర్వేషన్లున్నాయి. ఎస్సీ పిల్లలకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కోర్సుల్లో పైలట్ శిక్షణ కూడా ఉంది. మన రాష్ట్రం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి పీజీ చదువులకే, ఫ్లయింగ్ స్కూలుకు రాదు. ఎవరైనా వస్తుందని చెబితే నమ్మకండి. అమెరికాలో నేర్చుకుని తిరిగి రావడమూ మంచి దారే. వచ్చాక ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకోవాలని ముందే తెలిసి పోవాలి. ఇక్కడ కెప్టెన్ అయి వేల గంటలు మూటగట్టుకున్నవాడికి గల్ఫ్ నుంచి పిలుపొస్తుంది. ఆ గంటలు రేపు ఏ దేశం గడప మీదైనా మీ తరఫున మాట్లాడతాయి.

ఆడపిల్లలకు ఇంకో మాట. 1947లో ప్రేమ్ మాథుర్ అనే మహిళ లైసెన్సు పట్టుకుని ఎయిర్‌లైన్ల చుట్టూ తిరిగింది. ఎనిమిది కంపెనీలు ఆడదాన్ని కాక్‌పిట్‌లో ఎవరెక్కనిస్తారని తిప్పిపంపాయి. చివరికి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్‌కు చోటిచ్చింది మన బేగంపేట నేల. ఇవాళ మన దేశపు పైలట్లలో సుమారు 15 శాతం ఆడవాళ్లు, ప్రపంచ సగటుకు రెండింతలు మించి. పాతబస్తీ బేకరీ కార్మికుడి కూతురు సల్వా ఫాతిమా దాతల సాయంతో 2013లో లైసెన్సు అందుకుంది. దేవరకొండ తండా అమ్మాయికి, గద్వాల మగ్గం ఇంటి అమ్మాయికి ఆమె కంటే దూరమేమీ లేదు.

చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోండి. డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. కళ్లద్దాలు అడ్డం కావు, రంగులు గుర్తుపట్టలేకపోతే చిక్కు. తోట అమ్ముకున్నాక తెలిసే సంగతి కాదది, ముందే తెలియాలి.

కొల్లాపూర్ తండ్రి ఆ కాగితాన్ని మళ్లీ పాసుపుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తోట అమ్మలేదు. పిల్లవాడు నాగర్‌కర్నూల్‌లో ఒక మెడికల్ షాపులో కూర్చుంటూ డీజీసీఏలో పరీక్షలకు కావాల్సిన కంప్యూటర్ నంబరు తీసుకున్నాడు. క్లాస్ 2 పాసయ్యాడు. ఇప్పుడు మెటియరాలజీ చదువుతున్నాడు. వారం కింద ఫోన్ చేశాడు. రాత్రి అన్నం తిన్నాక పుస్తకంలో క్యుములోనింబస్ మబ్బు బొమ్మ చూస్తుంటే తండ్రి పక్కకొచ్చి వంగి చూశాడట.

"గిది రాళ్లవాన మబ్బు గదా! దీన్ని సూడంగనే మేం కాయ మీద ఆశ ఇడుసుకుంటం."

"పైలట్లు గూడ దీన్ని సూడంగనే పక్కకు తిప్పుతరు నాయినా."

తండ్రి అక్కడే కూర్చుని, మిగతా మబ్బుల బొమ్మలు కూడా చూపించమన్నాడట. పన్నెండు గంటలదాకా ఇద్దరూ పుస్తకం మూయలేదని చెప్పాడు.